వెనుదన్ను

పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించి దూది తీసిన తరువాత గింజను చేత పట్టి చూచినయెడల, దానిపై ఇంకను తెల్లని నూగు అంటిపెట్టుకొని యుండుట కానవచ్చును. నూలు వడకుటకు పనికిరానంత పొట్టిపోగు అది. వ్యాపారులు దానిని లింటరు అందురు. గింజను నూనెకు ఆడించుటకు ముందు మిల్లువారు ఆ నూగును గీచి తీయుదురు. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో పత్తి పండించు రైతు దీనిని గూర్చి తలచుకొనడు. అతని తలపంతయు కాటా తూకము, తేమ శాతము, ఆనాటి ధర. కాని ఆ పొట్టిపోగు కథ చిత్రమైనది. నత్రికామ్లముతో కలిసినప్పుడు అదియే తుపాకిమందుగా మారును. నేడు పిస్తోలు పందెములలో పేలు తూటాలలో నున్నది పత్తినూగు నుండి గాని, కొయ్యగుజ్జు నుండి గాని తీసిన ఈ మందే. మన చేలలో పండు పంటకును, ఒలింపికు క్రీడారంగమున పతకమునకై చేయెత్తి నిలిచినవాని గురికిని ఇట్టి బాంధవ్య మొకటి కలదు.

ఆ క్రీడలలో 25 మీటర్ల రాపిడ్ ఫైరు పిస్తోలు అను పోటీ యున్నది. ఐదు గురిపలకలు వరుసగా ప్రక్కప్రక్కన నుండును. పోటీదారు పిస్తోలును ఒంటిచేత పట్టి, చేతిని 45 డిగ్రీల కోణమున దించి నిలువవలెను. సంకేతము రాగానే చేయెత్తి ఐదు పలకలకు ఐదు గుండ్లు కాల్చవలెను. మొదటి వరుసలకు ఎనిమిది సెకనులు, పిదప వానికి ఆరు, తుదివానికి నాలుగే సెకనులు. ఆ నాలుగు సెకనులలో చేయెత్తి మొదటి గుండు వదలుటకే ఒకటికి పైగా గడచిపోవును. తక్కిన నాలుగు గుండ్లకు ఒక్కొక్కదానికి ముప్పాతిక సెకనుకు మించి దక్కదు. ఈ స్వల్పకాలములోనే పిస్తోలు పేలవలెను, తన్నవలెను, మూతి పైకి లేవవలెను, మరల దిగవలెను, ముందు గురిమొన వెనుక గురిగాడిలో వచ్చి నిలువవలెను, చేయి ప్రక్క పలకకు జరుగవలెను. గురిమొన గాడిలోనికి ఎంత త్వరగా తిరిగి వచ్చునన్నదే పోటీ యొక్క ప్రాణము. అందుచేత తూటాలో మందెంత, గుండు బరువెంత, పిస్తోలు బరువెంత యను లెక్కలు వందేండ్లుగా సాగుచున్నవి. ఈ లెక్కలను సాగదీసిన కొలది ఒక ప్రశ్న ఎదురగుచు వచ్చినది: గెలుపు చేతిదా, తూటాదా? దానికి జవాబు వెదకుటే ఈ క్రీడ చరిత్రలో సగము.

తుపాకి తన్నుట యన నేమో మన కాలువగట్టు మనుష్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. పడవ మీదినుండి గట్టునకు దూకినవాడు ముందుకు పోవును, పడవ వెనుకకు పోవును. దూకినవాడు బరువైన కొలది, దూకుడు వడి హెచ్చిన కొలది పడవ అంత వెనుకకు జరుగును. పడవయే బరువైనదైన అంతగా కదలదు. తుపాకి విషయమున గుండు దూకువాడు, తుపాకి పడవ. గుండు బరువును దాని వేగముచే గుణించినచో వచ్చు ద్రవ్యవేగమంతయు తుపాకికి వెనుకవైపున సంక్రమించును. ఇంతే కాదు, మందు కాలి వాయువై గొట్టము మూతినుండి గుండు కంటె వడిగా చిమ్ముకొనివచ్చును. దాని వాటా కూడ తన్నులో చేరును.

అంకెలలో చూతము. ఇరువది రెండు లాంగు రైఫిలు అను తూటా గుండు సుమారు 2.6 గ్రాములు; వేగము సెకనుకు సుమారు 320 మీటర్లు. పిస్తోలు 1100 గ్రాములు తూగినచో అది సెకనుకు ముప్పాతిక మీటరు వడితో వెనుకకు తన్నును. అదే వ్యాసముగల ఇరువది రెండు షార్టు అను పొట్టి తూటా గుండు సుమారు 1.9 గ్రాములు, అది సెకనుకు 240 మీటర్ల ప్రాంతమున పోవును. అప్పుడు పిస్తోలు తన్ను సెకనుకు 40 సెంటీమీటర్లే. వేగములో తేడా రెండింతలకు లోపే యైనను, చేయి అణచవలసిన శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, ఆ తేడా మూడింతలకు మించును. ఈ రెండు తూటాల తగవు ముందు చెప్పవలసి వచ్చును, అంకెలు జ్ఞాపకముంచుకొనుడు.

మఱియొక సంగతి. తన్ను నేరుగా వెనుకకు పోదు. గొట్టము చేతికి పైన నుండును, ఆనిక క్రింద నుండును. కావున తన్ను తిరుగుడుగా మారి పిస్తోలు మూతిని పైకి ఎత్తును. గొట్టము చేతికి ఎంత ఎత్తున నుండునో మూతి అంత ఎగురును. గురి చెడునది ఈ ఎగురుటవలన.

జొన్నచేల మంచెమీద కూర్చుండి ఒడిసెలతో పిట్టలను తోలిన పెద్దలకు ఇంకొక సూక్ష్మము తెలియును. తెల్లవారుజామున చేనికి పోవునప్పుడే వారు త్రోవలో రాళ్ళు ఏరి ఒడిలో పోసికొందురు. పెద్దరాళ్ళు గాదు, చిన్నరాళ్ళు గాదు, ఒక్కటే తీరున్న రాళ్ళు. రాతికి రాతికి బరువు మారినచో చేయి వదలవలసిన క్షణమును మారును. చేయి ఒకదానికి అలవాటుపడి మరియొకదానితో తప్పును. పోటీ పిస్తోలుకు చేతితో తూటాలు నింపుకొనువాడు చేయు పనికిని దీనికిని సూత్రమున భేదము లేదు.

మన సీమలో తుపాకిమందు ప్రవేశించినది మొదలు చాలకాలము వరకు గురి తిరిగి వచ్చుట యను ప్రశ్నయే పుట్టలేదు. కొండవీటి దుర్గము 1515లో కృష్ణదేవరాయల వశమాయెను. 1579లో గోలకొండ కుతుబ్ షాహీల చేతికి పోయెను. నిజాంపట్నపు రేవున 1606 ప్రాంతమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును దిగిరి. వారు వచ్చినది మన నూలుబట్టల కొరకు, చిరువేరు ఎరుపు అద్దకముల కొరకు. కాని వెంట తుపాకులను తెచ్చిరి. ఆనాటి మందు సురేకారము, బొగ్గు, గంధకము కలిపి నూరినది. నూటికి డెబ్బది యైదు పాళ్ళు సురేకారము. ఒక్కమారు కాల్చి, గొట్టము తుడిచి, మందు దట్టించి, గుండు దిగగొట్టి మరల కాల్చునప్పటికి అర నిమిషము పట్టును. గురిమొన దిగివచ్చుటకు ముప్పాతిక సెకను పట్టినను, మూడు సెకనులు పట్టినను బాధ లేదు. అంతకు మించిన చిక్కు పొగ. ఆ మందు కాలినప్పుడు సగమునకు పైగా వాయువు కాక పొగగాను మసిగాను మిగులును. కాల్చినవాని కంటికి లక్ష్యమే కానరాకుండెను.

అయితే తన్నును కొలువవచ్చునని, మందు బలమును లెక్కలో పెట్టవచ్చునని మొదట చూపిన మహానుభావుని కథ మన తీరముతోనే ముడిపడి యున్నది. బెంజమిన్ రాబిన్సు అను ఇంగ్లీషు గణితవేత్త 1742లో ఫిరంగివిద్యకు నూతన సూత్రములను ప్రకటించెను. యుద్ధమే పాపమని నమ్మిన క్వేకరు కుటుంబమున పుట్టినవాడు యుద్ధశాస్త్రమునకు పునాది వేయుట విధి విలాసమే కాబోలు. బరువైన కొయ్యదిమ్మను లోలకమువలె వ్రేలాడదీసి, దానిలోనికి గుండు కాల్చి, దిమ్మ ఎంత ఊగెనో కొలిచి, గుండు వేగమును లెక్కగట్టుట ఆయన కనిపెట్టిన ఉపాయము. అంతకు పూర్వము గుండు వేగమును నిక్కముగా చెప్పగలిగినవాడు లేడు. మహాగణితవేత్త ఆయిలరు ఆ గ్రంథమును 1745లో జర్మను భాషలోనికి తెచ్చి విపుల వ్యాఖ్యానము చేర్చెను. ఈస్టిండియా కంపెనీవారు రాబిన్సును తమ కోటల బాగుకొరకు ప్రధాన ఇంజనీరుగా పంపగా, ఆయన 1750లో కడలూరు చెంతనున్న సెంటు డేవిడు కోటకు వచ్చెను. మరుసటియేడు జూలై 29వ తేదీన అక్కడనే జ్వరపీడితుడై మరణించెను. వయస్సు నలువదినాలుగు. ఆ తరువాతి కొలది యేండ్లలోనే కొండవీటి సీమ ఫ్రెంచివారి చేతికి వచ్చెను. వారు గుంటూరును తమ స్థావరముగా పెంచిరి. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమాయెను. ఆ తగవులలో పేలిన తుపాకులకన్నింటికిని వర్తించు సూత్రము కనిపెట్టినవాడు మన దక్షిణతీరపు మట్టిలోనే కలిసిపోవుట నాకు చిత్రముగా తోచును.

రాబిన్సు దిమ్మను వ్రేలాడదీసెను. 1781లో తన పరిశోధనలు ప్రకటించిన రంఫర్డు తుపాకినే వ్రేలాడదీసెను. కాల్చినప్పుడు తుపాకి వెనుకకు ఎంత ఊగునో చూచి, దానినిబట్టి గుండు వేగమును రాబట్టవచ్చునని ఆయన వాదము. అనగా తన్ను ఒక పీడ మాత్రమే గాక, కొలతబద్దగాను పనికివచ్చునన్నమాట. నేడు తూటాలు నింపువారు వేగమును కొలుచుటకు విద్యుత్ యంత్రములు వాడుచున్నారు. ప్రశ్న మాత్రము రంఫర్డుదే.

ఇక పత్తి రంగమునకు వచ్చినది. బేసెలు నగరమున షోన్‌బైను అను రసాయన శాస్త్రవేత్త 1846లో పత్తిని గాఢమగు నత్రికామ్ల, గంధకామ్లములతో సంస్కరించి పొగలేని ప్రేలుడు పదార్థమును సిద్ధపరచెను. ఆయన వంటయింట ఒలికిన ఆమ్లమును భార్య నూలు గుడ్డతో తుడిచి పొయ్యి చెంత ఆరవేయగా భగ్గుమన్నదని ఒక కథ వాడుకలో నున్నది. కథ నిజమో కాదో గాని, తరువాత జరిగినది కథ కాదు. 1847లో ఇంగ్లండులోని ఫేవర్షాము వద్ద ఈ పత్తిమందు కర్మాగారము ప్రేలిపోయి పలువురు పనివారు మరణించిరి. ఆమ్లము పూర్తిగా కడుగబడని పత్తి తనంత తానే రాజుకొనునని తెలియుటకు అన్ని ప్రాణములు వ్యయమాయెను. ఇరువదియేండ్ల పాటు చాల దేశములు దానిజోలికి పోలేదు. ఏబెలు అను ఆంగ్లేయుడు 1865లో పత్తిని గుజ్జుగా నలిపి కడుగు పద్ధతి కనిపెట్టిన పిదపనే భయము కొంత తీరెను.

ఐనను పత్తిమందు గొట్టములో ఒక్కసారిగా ప్రేలునదే గాని నిలకడగా కాలునది కాదు. ఫ్రాన్సులో వీయేలు 1884లో దానిని ద్రావకములో కరగించి, జిగురుముద్దగా చేసి, రేకులుగా సాగదీసి, ముక్కలుగా కోసెను. ఇప్పుడది ఉపరితలమునుండి లోనికి వరుసగా కాలును. ముక్క పలుచనైన త్వరగా కాలును, మందమైన నిదానముగా కాలును. మందు ఎంత వడిగా కాలవలెనో మనుష్యుడు నిర్ణయించుట దీనితో సుకరమాయెను. పోటీ తూటాల విద్య అంతయు ఈ ఒక్క వెసులుబాటుపై నిలిచి యున్నది. బ్రిటిషువారు 1889లో కార్డైటు అను పొగలేని మందును తెచ్చిరి. దానిని మన దేశముననే చేయుటకు నీలగిరులలోని అరువంగాడున కర్మాగారము నెలకొల్పగా 1904లో పని సాగెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున పత్తిగింజ నూగు యుద్ధసామగ్రిలో చేరి, పనికిరాని పొట్టిపోగునకు మహాగిరాకి కలిగెను.

పొగ పోయెను. కాల్చినవాని కంటికి గురిమొన కనబడెను. అప్పుడే తన్ను పందెములో ప్రధాన శత్రువాయెను.

ఈ పందెపు చరిత్రలో హంగేరీ సైనికుడు కారోయ్ టకాచ్ పేరు మొదట చెప్పవలెను. 1938లో సైనిక శిక్షణయందు చేతిబాంబు ప్రేలి ఆయన కుడిచేయి చెడిపోయెను. కాల్చు చేయి అదియే. ఆసుపత్రినుండి వచ్చి ఎవరికిని చెప్పక ఎడమచేత అభ్యాసము చేసి, మరుసటియేడే తన దేశపు పోటీలలో గెలిచెను. యుద్ధము వచ్చి ఒలింపికు క్రీడలు రెండుమార్లు ఆగిపోయెను. 1948లో లండనులో, తన 38వ యేట, ఆ ఎడమచేతనే రాపిడ్ ఫైరున స్వర్ణపతకము పొందెను. 1952లో హెల్సింకిలో మరల పొందెను. తన్నును అణచు విద్య కండరములలో మాత్రమే లేదని, నేర్చుకొన్న చేతిని పోగొట్టుకొన్నను ఆ విద్యను రెండవ చేతికి నేర్పవచ్చునని ఆయన చూపెను.

కాని ఇంజనీర్లు చేతిని నమ్మి కూర్చుండలేదు. 1956 మెల్‌బోర్ను క్రీడలకు సోవియటు జట్టువారు ఒక వింత పిస్తోలు తెచ్చిరి. దానిలో గొట్టమును క్రిందికి దించి, యంత్రమును తలక్రిందులుగా నమర్చిరి. గొట్టము చేతి మట్టమునకు వచ్చుటచే తన్ను నేరుగా చేతిలోనికి పోవును గాని మూతిని పైకెత్తదు. దానితో చెర్కాసోవు రజతపతకము పొందెను. అంతర్జాతీయ సంఘమువారు తరువాత నియమములు సవరించి ఆ అమరికకు తావు లేకుండ చేసిరి. నేడు ఈ పోటీ పిస్తోలు 300 మిల్లీమీటర్ల పొడవు, 150 ఎత్తు, 50 వెడల్పు గల పెట్టెలో పట్టవలెను. 1400 గ్రాములకు మించి తూగరాదు. మీట ఒత్తుడు 1000 గ్రాములకు తగ్గరాదు. పెట్టెలో పెట్టి చూచుట పెండ్లిచూపులకంటె కఠినముగా నుండును.

త్రోవ మూసినకొలది వారు వేరు త్రోవ వెదకిరి. తుపాకిని మార్చరానిచో తూటాను మార్తమనిరి. మీరు జ్ఞాపకముంచుకొన్న పొట్టి తూటా ఇక్కడ వచ్చును. రాపిడ్ ఫైరులో ఇరువది రెండు షార్టు తూటా వాడుక దశాబ్దములపాటు సాగెను. తన్ను సగమునకు సగమాయెను. అంతటితో ఆగక గొట్టమునకు పైన రంధ్రములు తొలిచిరి. వాయువు ఆ రంధ్రములగుండ పైకి చిమ్మి మూతిని క్రిందికి అణచును. చివరకు పిస్తోలు చేతిలో తన్నెనా లేదా యన్న అనుమానము కలుగునంతవరకు వచ్చెను. ఆ పిస్తోళ్ళు ఈ పోటీకి తప్ప మరిదేనికిని పనికిరానివి. ఆ తూటాలు కొలదిచోట్లనే చేయబడుచుండెను. ధనిక దేశముల పోటీదారునకు అది సుకరము, తక్కినవారికి అందనిది. ఏథెన్సు క్రీడలు ముగిసిన పిదప, 2005 నుండి, పొట్టి తూటాయు గొట్టపు రంధ్రములును నిషేధింపబడెను. అందరును లాంగు రైఫిలు తూటానే వాడవలెనని కట్టడి.

ఆనాడు నిష్ణాతులు పలువురు పెదవి విరిచిరి. కాని ఏమి జరిగెనో చూడుడు. జర్మనీకి చెందిన రాల్ఫు షూమను 1992, 1996, 2004 సంవత్సరములలో పాత పద్ధతిలో మూడు స్వర్ణపతకములు గెలిచినవాడు. 2008 బీజింగున, 46వ యేట, కొత్త తూటాతో, మూడింతల శక్తి గల తన్నుతో నిలిచి రజతపతకము పొందెను. ఆ లెక్కన గెలుపు తూటాదే యనువారి వాదము చాలవరకు వీగిపోయినదని నా యభిప్రాయము. 2012 లండనున మన సైన్యమునుండి వచ్చిన విజయకుమారు ఇదే పోటీలో రజతము గెలిచినప్పుడు చాలమంది పత్రికలలో చదివి సంతోషించిరి. పాత నియమములే నిలిచి యుండినచో ఆ పిస్తోలును, ఆ తూటాను సంపాదించుటయే మనవారికి మొదటి పోటీ అయ్యెడిది.

మరి చేతితో తూటాలు నింపుకొను విద్య సంగతి యేమి? ఇరువది రెండు తూటాను మరల నింపుట కుదురదు. దాని నిప్పుమందు అంచు మడతలో నుండును. ఒక్కసారి పేలిన డొప్ప పారవేయవలసినదే. అక్కడ పోటీదారు చేయగలిగినది ఎంపిక మాత్రమే. ఒక్కటే పేరుగల తూటాలలో గూడ ఒక లాటునకును మరియొక లాటునకును తేడా యుండును. పిస్తోలును బిగించి, లాటులను వరుసగా కాల్చి చూచి, తన గొట్టమునకు నప్పినదానిని పెద్దమొత్తముగా కొనుట పద్ధతి. మిర్చి యార్డులో టిక్కీ విప్పించి, కాయ విరిచి, రంగు చూచి లాటు ఎన్నుకొను వ్యాపారికి ఈ పని కొత్తగా తోచదు.

నింపుకొను విద్య నిజముగా సాగునది సెంటరు ఫైరు పిస్తోలు పోటీలో. అందు ఎక్కువగా వాడు ముప్పది రెండు స్మిత్ వెస్సను లాంగు తూటా 1896లో పుట్టినది. నల్లమందు కాలపు తూటా గనుక దాని డొప్ప విశాలమైనది. నేటి పత్తిమందు బలమైనది, చిటికెడు చాలును. అంత పెద్ద డొప్పలో అంత కొంచెము మందు అటునిటు దొర్లుచుండినచో ఒకసారి ఒకవిధముగా, మరియొకసారి వేరొకవిధముగా అంటుకొనును. అందుకు విరుగుడు, గుండును డొప్ప అంచు మట్టమునకు లోనికి దిగగొట్టుట. ఆ గుండు మూతి బల్లపరుపుగా నుండి, కాగితమును ఉలితో గుద్దినట్లు గుండ్రని రంధ్రము చేయును. గుండు 6.4 గ్రాముల ప్రాంతము, వేగము సెకనుకు 230 మీటర్ల ప్రాంతము. తన్ను ఇరువది రెండుకంటె హెచ్చు.

ఇచట క్రొత్తగా నింపువాడు చేయు మొదటి ఊహ, మందు తగ్గించిన తన్ను తగ్గును గదా యని. తగ్గుట నిజమే. కాని ఈ పిస్తోలు తనంత తాను డొప్పను విసరి, తదుపరి తూటాను ఎక్కించుకొనునది. ఆ పనికి బలము తన్నునుండియే రావలెను. మందు మరీ తగ్గినచో పైతొడుగు సగములో ఆగి, డొప్ప ఇరుకుకొని, పందెము అక్కడనే ముగియును. కావున స్ప్రింగును మందుకు సరిపోల్చవలెను. స్ప్రింగు మెత్తనైన, తొడుగు వెనుకకు దబ్బున కొట్టుకొని మూతి ఎగురును. గట్టిదైన, తొడుగు ముందుకు దబ్బున మూసికొని మూతి క్రిందికి వంగును. చాలమంది ఎగురుటను మాత్రమే గమనింతురు, వంగుటను గమనింపరు. గురిమొన ఎగిరి, దిగి, గాడిని దాటి క్రిందికి పోయి, మరల పైకి రావలసివచ్చిన, ఆ రెండవ ప్రయాణమునకు పట్టు కాలము మొదటిదానికంటె హెచ్చు నష్టము. ఎగురుట కొంచెము ఎక్కువైనను, దిగినప్పుడు నేరుగా గాడిలో పడి నిలుచు తూటాయే మేలైనది. మిక్కిలి మెత్తని తూటా మిక్కిలి వేగమైన తూటా కాదు. అన్నిటికంటె ముఖ్యము, ఐదు తూటాలును ఒక్కటే తీరుగా తన్నుట. ఏ తన్ను వచ్చునో ముందుగా తెలిసినచో చేయి దానికి సిద్ధముగా నుండును.

మందు తూకములు నేనిచట చెప్పను. అవి తయారీదారులు ప్రకటించిన పట్టికలను చూచి, అనుమతి గలవారు చేయదగిన పని. పెద్ద డొప్పలో చిటికెడు మందు కానరాదు. మరచి రెండవమారు పోసినను పట్టును. అట్లు రెండింతలు పడిన తూటా పిస్తోలును చేతిలోనే పగులగొట్టును. ఫేవర్షాము పనివారిని చంపినదియు ఈ పత్తియే.

పాశ్చాత్యదేశములలో 1976లో సంఘముగా ఏర్పడిన మరియొక పిస్తోలు క్రీడ యున్నది. అందు పరుగెత్తుచు, రెండుచేతుల పట్టి కాల్తురు. వారి నియమము ఒలింపికు నియమమునకు ఎదురు. గుండు బరువును గ్రెయినులలో, వేగమును అడుగులలో తీసికొని గుణించి, వేయితో భాగించిన అంకె 125కు తగ్గరాదు. తన్ను కొంతైనను ఉండి తీరవలెనన్నమాట. 124 గ్రెయినుల గుండు వాడువాడు దానిని సెకనుకు వేయి అడుగులకు పైగా తోలవలెను. 147 గ్రెయినులదానికి 850కి కొంచెము పైబడిన చాలును. లబ్ధము సమానమే. కాని బరువైన గుండుకు మందు తక్కువ పట్టును గనుక వాయువు వాటా తగ్గి, తన్ను తోపువలె వచ్చును. తేలికగుండు తన్ను దెబ్బవలె వచ్చును. మూతికి వాయు రంధ్రములు గల పిస్తోలువాడు మాత్రము దీనికి విరుద్ధముగా తేలికగుండును, ఎక్కువ మందును కోరును. అతని రంధ్రములకు వాయువే ఆహారము. ఒకే సూత్రము ఒకనికి అవరోధము, మరియొకనికి ఆధారము.

సెంటరు ఫైరు ఒలింపికు పోటీ కాదు గాని మనవారికి అచ్చివచ్చినది. 1994 హిరోషిమా ఆసియా క్రీడలలో జస్పాల్ రాణా దానిలో స్వర్ణము గెలిచెను. 2006 దోహాలో మరల గెలుచుచు 600కు 590 సాధించి ప్రపంచ రికార్డుతో సమముగా నిలిచెను. తెలుగునాట హైదరాబాదు యువతి ఈషా సింగు హాంగ్‌ఝౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టుతో స్వర్ణమును, వ్యక్తిగతముగా రజతమును పొందెను. 2024లో పారిసు ఒలింపికులకు వెళ్ళెను. ఆమె పోటీలో వేగపు ఘట్టమున పలక మూడు సెకనులు కనబడి, ఏడు సెకనులు మరుగున పడును. ఆ మూడు సెకనులకు ఒక్కటే గుండు. ఇక్కడ తన్ను అణచుటకు వ్యవధి యున్నది. కాని ఏడు సెకనులలో చేయి దించి, ఊపిరి సరిచేసికొని, మరల మొదటివలెనే ఎత్తవలెను. అదే సంవత్సరము పెరూ దేశపు లిమాలో జరిగిన ప్రపంచ జూనియరు పోటీలలో 25 మీటర్ల పిస్తోలు విభాగమున పతకములు పొందిన నేలవల్లి ముకేశు మన ఆంధ్రప్రదేశమువాడు.

మన పల్లెటూళ్ళలోని పిల్లవాడు ఈ త్రోవ పట్టదలచినచో మొదట చేతికి వచ్చునది గాలి పిస్తోలు. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము 0.177 అంగుళమునకు మించని గొట్టము, 20 జౌళ్ళకు లోబడిన శక్తి గల గాలి ఆయుధమునకు లైసెన్సు అక్కరలేదు. పది మీటర్ల దూరమున, తన్ను లేదన్నంత స్వల్పముగా, పట్టు, ఊపిరి, మీట నొక్కుట నేర్చుకొనవచ్చును. అచ్చటినుండి 25 మీటర్ల పోటీకి ఎక్కుట పెద్ద మెట్టు. నిజమైన మందు తూటాకు 1959 చట్టము క్రింద లైసెన్సు కావలెను, అనుమతి గల కాల్పుల మైదానము కావలెను, విదేశములనుండి వచ్చు మేలిరకపు తూటాల ఖర్చు భరింపవలెను. లాటులు పరీక్షించి ఎన్నుకొను వసతి అందరికిని ఉండదు; దొరికిన పెట్టెతోనే సర్దుకొనువారే హెచ్చు.

అట్టివారికి శిక్షకులు చెప్పు అభ్యాసము ఒకటి యున్నది. తూటా లేని పిస్తోలును ఖాళీయని రెండుమార్లు చూచుకొని, గోడకెదురుగ నిలిచి, సంకేతమునకు చేయెత్తి, గురిమొనను గాడిలో నిలిపి మీట నొక్కి, ప్రక్కనున్న ఊహాపలకకు జరుగుట. దినమునకు వందలమార్లు. తన్ను లేదు, మందు ఖర్చు లేదు, చప్పుడు లేదు. నెలల తరబడి ఇట్లు చేసినవాడు మైదానమునకు వచ్చి నిజపు తూటా పేల్చినప్పుడు, మూతి ఎగిరినను మణికట్టు దానంతట అదే పాత చోటికి దిగును.